యాభై రెండేళ్లు చిన్నదైన రాజ్యం

ఒకానొక రాజ్యంలో, ఆ రాజ్యం పుట్టి నూరేళ్లు నిండబోతున్న సంవత్సరం, ఉత్సవాల ఖర్చుకని ఒక యువకుడి చేతికి మూడు వందల మాడలు వచ్చాయి. గడువు నలభై రోజులు. యువకుడి పేరు కొమ్మన. వయసు ఇరవై నాలుగు.

పని అప్పగించి రాజోద్యోగులు ఇళ్లకు చేరేలోపే కొమ్మన కోట ముందున్న మైదానాన్ని అడుగులతో కొలిచేశాడు. నాలుగు వందల వరసలు, వరసకు పాతికమంది. మొత్తం పదివేల మంది కూర్చోవచ్చు. ఒక గాడిపొయ్యి మీద రెండు వందల మందికి వంట అవుతుంది కాబట్టి యాభై పొయ్యిలు తవ్వాలి. ఎవరూ అడగకముందే మర్నాటికి పొయ్యిలకు ముగ్గు పోయించాడు.

ఆ రాజ్యం పేరు పాలవంక. ఏటి ఒడ్డున కోట, ఏటి నడుమ ఒక లంక. లంక మీద అరవై నాలుగు కుటుంబాల పడవవాళ్లు కాయా కూరా పండించుకుని బతుకుతున్నారు. కొమ్మన పుట్టింది ఆ లంక మీదే.

నూరేళ్ల కిందట పెదమల్ల భూపతి అనే వీరుడు ఈ కోటను గెలవడానికి వచ్చాడు. శత్రువులు ఏట్లో ఉన్న పడవలన్నీ తగలబెట్టారు. లంకవాళ్లు మాత్రం పన్నెండు పడవలను ఇసుకలో పూడ్చి దాచారు. వాటి మీదే పెదమల్ల భూపతి సైన్యం ఏరు దాటింది. ఆయన కాలికి దెబ్బ తగిలి నడవలేకపోతే, కూర్చున్న పడవతో సహా భుజాల మీదికెత్తుకుని కోటలోకి మోసుకెళ్లింది కూడా వాళ్లే.

అందుకని ప్రతి ఏడూ మార్గశిర పున్నమి నాడు, రాజ్యావిర్భావ దినోత్సవంలో ఒక ఆచారం జరిగేది. లంకవాళ్లు పడవను భుజాలకెత్తుకుంటారు. అందులో రాజుగారు కూర్చుంటారు. అలాగే కోట దర్వాజా దాటి లోపలికి వెళ్లాలి.

పెదమల్ల భూపతి మనవడు రణరంగ మల్లభూపతి ఇప్పటి రాజు. పేరులో రణరంగం ఉంది గానీ ఆయన రణరంగం ఎలా ఉంటుందో చూసి ఎరగడు. ఆయనకు దర్జా అంటే ప్రాణం. పడవ అంటే వొళ్లు మంట.

"ఈ ఏడు కూడా ఆ చేపల వాసన పడవ ఎక్కాలా?" అన్నాడు ఒకనాడు సభలో.

"ఆచారం కదా ప్రభూ" అన్నాడు కొమ్మన.

"నా బరువుకి అది ఒక పక్కకి ఒరుగుతుందోయ్! పోయినేడు జనంలో ఎవరో 'పట్టుకోండి, పట్టుకోండి' అని అరిచారు. రాజును చూసి జై కొట్టాలా, పట్టుకోండి అనాలా?"

మహామంత్రి విస్సప్రెగ్గడ ఈ మాట కోసమే కాచుకుని ఉన్నాడు. ఏళ్ల తరబడి ఆయన కన్ను లంక భూమి మీద ఉంది. అక్కడ చెరకు వేస్తే ఎన్ని బళ్లు దిగుతుందో ఆయన మనసులో ఎన్నోసార్లు దింపుకున్నాడు.

"ప్రభూ, ఒక్క సందేహం" అన్నాడు మంత్రి చేతులు కట్టుకుని. "సూర్యుడు పుట్టకముందు పగలు ఉంటుందా?"

"ఎలా ఉంటుంది?"

"మరి తమరు పుట్టకముందు ఈ రాజ్యం ఉండేదని ఈ జనం ఎలా అంటున్నారు? అప్పుడున్నది ఏదో కోట, ఏదో ఊరు. రాజ్యం అనే వెలుగు వచ్చింది తమరు పుట్టిన రోజున."

రాజుగారు మీసం సవరించుకున్నారు. ఇంత స్పష్టమైన సంగతి ఇన్నాళ్లూ తనకు తట్టనందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

"అయితే రాజ్యం వయసు?"

"తమ వయసే ప్రభూ. నలభై ఎనిమిదేళ్లు. మంచి పరువంలో ఉంది."

ఆ సాయంత్రమే చాటింపు వేశారు. ఇకమీదట రాజ్యావిర్భావ దినం మార్గశిర పున్నమి కాదు, రాజుగారు పుట్టిన మార్గశిర శుద్ధ తదియ. పడవ ఊరేగింపు ఉండదు. రాజ్యం పుట్టకముందు రాసిచ్చిన శాసనాలేవీ చెల్లవు. చాటింపు విన్న ఒక గాజులవ్యాపారి, పొద్దున నూరేళ్ల ముసలిగా ఉన్న రాజ్యం సాయంత్రానికి యాభై రెండేళ్లు చిన్నదైపోయిందే, ఆ మందేదో తన భార్యకు దొరికితే బాగుండునని నవ్వాడు. భార్య పక్కనే ఉంది. ఆ తర్వాత అతను నవ్వలేదు.

కొమ్మన మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. పున్నమి నుంచి తదియకు పన్నెండు రోజులు వెనక్కి. నలభై రోజుల గడువు ఇరవై ఎనిమిది రోజులైంది.

మర్నాడు పొద్దున్నే అతని పెద్దమ్మ నూకమ్మ ఏరు దాటి వచ్చింది. లంకలో ఆవిడ మాటంటే మాటే. కొమ్మనను పెంచింది కూడా ఆవిడే. వస్తూనే గుమ్మంలో నిలబడి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఒరే కొమ్మా! మా కొంపలు కూల్చే పండగ నువ్వే దగ్గరుండి చేయిస్తున్నావంట?"

"పెద్దమ్మా, ముందు కూర్చో."

"కూర్చోవడానికి కింద నేల ఉంటేగా! మంత్రిగారి మనుషులు ఇరవైమంది పొద్దున్నే పడవ దిగారు. లంక చుట్టూ మేకులు పాతారు. పండగైన మర్నాడు అందరూ ఖాళీ చెయ్యాలంట. అరవై నాలుగు కుటుంబాలు, పసివాళ్లతో కలిపి మూడు వందల పదిహేడు మందిమి. ఎక్కడికి పోవాలిరా? ఏట్లోకా?"

ఆవిడ కొంగులోంచి గుడ్డ చుట్టిన రాగిరేకు తీసి బల్ల మీద పెట్టింది. అది పెదమల్ల భూపతి ఇచ్చిన శాసనం. సూర్యచంద్రులు ఉన్నంతకాలం లంక పడవవాళ్లదేనని అందులో చెక్కి ఉంది.

"ఇది చూపిస్తే మంత్రిగారి మనిషి ఏమన్నాడో తెలుసా? 'ముసలమ్మా, ఇది రాజ్యం పుట్టకముందుది, దీంతో అట్లు పోసుకో' అన్నాడు. నేను ఊరుకుంటానా? 'ముందు నీ మొహం కడుక్కో, తర్వాత అట్లు పోస్తా' అన్నాను. అనైతే అన్నాను గానీ నాయనా, ఏరు దాటేదాకా ఈ రేకును తడిమి చూసుకుంటూనే ఉన్నానురా."

కొమ్మన రేకు తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చదివాడు. తేదీ దగ్గర ఆగాడు. మళ్లీ చదివాడు. తర్వాత రేకును భద్రంగా చుట్టి ఆవిడ చేతిలో పెట్టాడు.

"పెద్దమ్మా, పండగ నాడు దీన్ని తీసుకుని రా. నీ వయసు వాళ్లందరినీ వెంటబెట్టుకుని రా. ఎవరేమన్నా పోట్లాడకు."

"నేను పోట్లాడనా?"

"ఒక్క పూటే."

"సరే, ఒక్క పూట" అంది నూకమ్మ, పెద్ద వరం ఇచ్చినట్టు.

ఆ మధ్యాహ్నం కొమ్మన సభకు వెళ్లి రాజుగారికి నమస్కరించాడు.

"ప్రభూ, కొత్త ఆజ్ఞ ప్రకారం ఉత్సవం చేయాలి. నాకు ఒక్క చోట అర్థం కాలేదు. రాజ్యం పుట్టకముందువి చెల్లవన్నారు. శాసనాలు మాత్రమేనా?"

మంత్రి చప్పున రాజుగారి వైపు వంగాడు. శాసనాలు మాత్రమే అంటే రేపు లంకవాళ్లు మా తాతల గుడిసెలు అంటారు, మా తాతలు నాటిన చెట్లు అంటారు, మా ఆచారం అంటారు. ఆ సందు ఇవ్వకూడదనుకున్నాడు.

"ఓయీ కొమ్మనా, శాసనాలే కాదు" అన్నాడు మంత్రి. "గుడిసె గానీ, చెట్టు గానీ, పడవ గానీ, ఆచారం గానీ, హక్కు గానీ, హోదా గానీ. రాజ్యానికి ముందున్నది ఏదీ చెల్లదు."

"ఏదీ అంటే..."

"ఏదీ అంటే ఏదీ!" అని గర్జించారు రాజుగారు. "ఇంకా ఎన్నిసార్లు చెప్పాలి? నా ఉత్సవంలో నా రాజ్యం కన్నా పాతది ఒక్కటి కనబడితే నీ ఉద్యోగం ఊడుతుంది. నిన్ను ఏరు దాటించి, సరిహద్దు కూడా దాటిస్తాను."

"చిత్తం. మరి మధ్యలో ఎవరైనా అడ్డుపడితే?"

"ఎవరూ అడ్డుపడడానికి వీల్లేదు. మంత్రిగారైనా సరే."

"ఆ మాట రాసి ముద్ర వేసి ఇప్పిస్తే..."

మంత్రి తానే సంతోషంగా రాసిచ్చాడు. ఆయన చేతిరాత ముత్యాల్లా ఉంటుంది. ముద్ర వేసేటప్పుడు కొమ్మన వైపు జాలిగా చూశాడు కూడా. పాపం, సొంత ఊరిని తానే ఖాళీ చేయించుకుంటున్నాడని.

ఆ రోజు నుంచి కొమ్మన కోటంతా తిరగడం మొదలుపెట్టాడు. కనబడిన ప్రతిదాని వయసు అడిగాడు. కొలువులో పాత చిట్టాలు తిరగేశాడు. ఏనుగుల మావటిని, గజశాల వైద్యుణ్ణి, ఆయుధశాల కాపలావాణ్ణి, వంటశాల పెద్దను కూర్చోబెట్టి మాట్లాడించాడు. నలభై ఎనిమిదేళ్ల లోపు వాటికి సున్నం బొట్టు, పైబడిన వాటికి జాజు బొట్టు పెట్టించాడు. రెండు వారాలు తిరిగేసరికి కోటంతా ఎర్రబొట్లే.

రాజుగారి తల్లి మైలాంబ తన గదిలో కూర్చుని ఆకులు సర్దుకుంటోంది. ఆవిడకు డెబ్భై ఏళ్లు. ఈ కుర్రవాడి తిరుగుడు మూడు రోజులుగా చూస్తోంది.

"ఏమయ్యా, నా మంచానికి బొట్టు పెట్టావు, నా పీటకు బొట్టు పెట్టావు. ఎందుకు?"

కొమ్మన ఆజ్ఞాపత్రం చదివి వినిపించాడు. ఆవిడ ఆకులు పక్కన పెట్టింది. తర్వాత నుదురు ముందుకు చాపింది.

"అయితే నన్నెందుకు వదిలేశావు? నాకూ పెట్టు" అంది.

తదియ వచ్చింది. రాజుగారు తెల్లవారాక నిద్రలేచారు. ప్రతిరోజూ నగారా మోగి నిద్రలేపేది. ఇవాళ అది మోగలేదు.

"నగారా ఏమైంది?" అని అడిగారు.

"ఎనభై ఏళ్లది ప్రభూ. రాజ్యానికి ముందుది. ధాన్యపు కొట్టులో పెట్టించారు కొమ్మనగారు" అన్నాడు సేవకుడు.

"కిరీటం తీసుకురా."

"నూరేళ్లది ప్రభూ. అదీ కొట్టులోనే. కొత్త తలపాగా పంపారు."

తలపాగా ఇంకా గంజి వాసన వేస్తోంది. రాజుగారు పళ్లు కొరికి చుట్టుకున్నారు. పట్టపుటేనుగు కోసం కేక వేశారు. ఏనుగుకు అరవై ఏళ్లని, పొద్దున్నే సెలవిచ్చారని, ఏటి ఒడ్డున హాయిగా స్నానం చేస్తోందని తెలిసింది.

నడిచే వెళ్దామని రాజుగారు దర్వాజా దగ్గరికి వచ్చారు. దర్వాజా నిండా పెద్ద తెర కట్టి ఉంది. ముందు ఇద్దరు భటులు నిలబడ్డారు.

"తప్పుకోండి!"

"ఎక్కడికి ప్రభూ? ఇక్కడ దర్వాజా లేదు" అన్నాడు ఒక భటుడు, ఆజ్ఞాపత్రం వైపు ఒక కన్నేసి ఉంచి. "ఉండేది. రాజ్యానికి ముందు."

"మరి బయటికి దారేది?"

"గుర్రపుశాల వెనక పేడబళ్ల కోసం మూడేళ్ల కిందట గోడకు కంత కొట్టారు కదా. గోడ పాతదే గానీ కంత కొత్తది ప్రభూ."

రణరంగ మల్లభూపతి ఆ కంతలోంచి వంగి బయటికి వచ్చారు. వెనకే పరివారం వంగింది.

మైదానంలో పదివేల మంది కిక్కిరిసి ఉన్నారు. యాభై పొయ్యిల మీదా పులిహోర కలుపుతున్న వాసన. వేదిక మీద సింహాసనం లేదు. కొత్త ఈతాకు చాప ఒకటి పరిచి ఉంది. నిన్ననే అల్లింది. రాజుగారు చాపను చూశారు, కొమ్మనను చూశారు, ఇంతమంది చూస్తున్నారని చాప మీద కూలబడ్డారు.

అప్పుడు ఆయనకు మైదానంలో ఒక పక్క తాడు కట్టిన ఆవరణ కనబడింది. అందులో అందరూ ముసలివాళ్లే. ఒక్కరూ లేచి నిలబడలేదు. కాళ్లు చాపుకుని, ఆకూ వక్కా నములుతూ, రాజుగారిని తిరునాళ్లలో బొమ్మను చూసినట్టు చూస్తున్నారు. నూకమ్మ ముందు వరసలో ఉంది. పక్కన ఎవరితోనో నవ్వుతూ మాట్లాడుతోంది.

"వాళ్లెవరు? లేచి దండం పెట్టరేం?"

"నలభై ఎనిమిదేళ్లు దాటినవాళ్లు ప్రభూ" అన్నాడు కొమ్మన. "రాజ్యానికి ముందు పుట్టారు. అందుకని వాళ్లు మన ప్రజలో కారో నాకు తేలలేదు. ప్రస్తుతానికి అతిథులుగా కూర్చోబెట్టాను."

రాజుగారు కళ్లు చికిలించి చూశారు. నూకమ్మ పక్కన కూర్చుని ఆకుకు సున్నం రాస్తున్నది ఎవరో కాదు, మైలాంబ.

"అమ్మా! నువ్వక్కడేమిటి?"

"నేను నీ రాజ్యం కాదు నాయనా" అంది రాజమాత తాపీగా. "అంతకు ముందుదాన్ని. ఇక్కడ బాగుంది. ఈ నూకమ్మ పెట్టిన వక్క బాగుంది. నువ్వు నీ పని చూసుకో."

మైదానమంతా గొల్లుమంది. రాజుగారి మొహం ఎర్రబడింది. ఇంతలో మంత్రి విస్సప్రెగ్గడ కండువా జారిపోతున్నా చూసుకోకుండా, జనాన్ని తోసుకుంటూ వేదిక మీదికి వచ్చాడు.

"ప్రభూ! ఘోరం! మా మామిడితోట చుట్టూ మేకులు పాతారు! తోట ఖాళీ చెయ్యమంటున్నారు!"

"తమ తండ్రిగారికి ఆ తోట ఇచ్చి యాభై అయిదేళ్లయింది మంత్రిగారూ" అన్నాడు కొమ్మన వినయంగా. "రాజ్యం కన్నా ఏడేళ్లు పెద్దది. తమరు స్వహస్తాలతో రాసిచ్చిన ఆజ్ఞ ఇదిగో. చేతిరాత ఎంత బాగుందో!"

"ప్రభూ, ఇతణ్ణి వెంటనే..."

"ఆగండి" అన్నారు రాజుగారు. ఆయన కోపాన్ని అదిమిపెట్టుకుంటున్నారు. "ముందు ఉత్సవం కానివ్వండి. వందీ, నా బిరుదులు చదువు."

వంది ముందుకు వచ్చి గొంతు సవరించుకున్నాడు. ఎప్పుడూ అరగంట చదివేవాడు. ఇవాళ చేతిలో చిన్న చీటీ ఉంది.

"శ్రీ రణరంగ మల్లభూపతి గారు. తండ్రి బుచ్చిమల్లయ్య గారు, గృహస్థు. కాపురం ఏటి ఒడ్డు."

రాజుగారు చాప మీద నుంచి ఒక్క ఉదుటున లేచారు. "గృహస్థా! నా తండ్రి గృహస్థా! నలభై ఒక్క ఏళ్లు రాజ్యమేలిన మహారాజును గృహస్థు అంటావా! కొమ్మనా, నీకు ఎంత ధైర్యం!"

కొమ్మన రాజుగారి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఈ లెక్క తప్పితే తను సరిహద్దు దాటాలి, లంక ఖాళీ కావాలి.

"తప్పైతే దిద్దండి ప్రభూ. తమ తండ్రిగారు పట్టాభిషిక్తులైన పద్దెనిమిదేళ్లకు తమరు పుట్టారు. రాజ్యం పుట్టింది ఆ రోజునే. కాబట్టి ఆ పద్దెనిమిదేళ్లూ లేని రాజ్యాన్ని ఆయన ఏలారు. ఆయన పట్టాభిషేకం రాజ్యానికి ముందుది, చెల్లదు. చెల్లని పట్టాభిషేకం చేసుకున్నవారిని రాజు అని రాస్తే నా ఉద్యోగం ఊడుతుంది. అందుకని గృహస్థు అని రాయించాను. ఆయన కిరీటం మీకిచ్చారు. అది కూడా..."

కొమ్మన ఆపేశాడు. మిగతాది రాజుగారే లెక్కవేసుకున్నారు. వేళ్లు మడుస్తూ, విప్పుతూ. తండ్రి రాజు కాకపోతే కొడుకు యువరాజు కాదు. యువరాజు కాకపోతే రాజూ కాదు. రాజు కాకపోతే ఈ ఆజ్ఞ ఎవరు వేసినట్టు?

"ప్రభూ, మినహాయింపు!" అన్నాడు మంత్రి తొందరగా. "కిరీటం, సింహాసనం, మా మామిడితోట... అంటే ముఖ్యమైనవి... వాటిని మినహాయించి తక్కినవి చెల్లవని దిద్దితే సరి."

"అలా దిద్దొచ్చా కొమ్మనా?" అన్నారు రాజుగారు.

"దిద్దొచ్చు ప్రభూ. కానీ ఒక చిక్కుంది. పెద్దమ్మా, ఆ రేకు తెస్తావా?"

నూకమ్మ లేచి, తాడు దాటి, నెమ్మదిగా వేదిక దగ్గరికి వచ్చింది. ఒక్క మాటా అనలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడానికి ఆవిడ ఎంత కష్టపడుతోందో మొహం చూస్తే తెలుస్తోంది. రాగిరేకు కొమ్మన చేతికిచ్చింది.

"ఇందులో రోజే కాదు, వేళ కూడా చెక్కించారు తమ తాతగారు" అన్నాడు కొమ్మన. "మార్గశిర పున్నమి, పొద్దెక్కిన అయిదో గడియ. సింహాసనం వెనక చెక్కిన పట్టాభిషేకం వేళ చూశాను. అదే పున్నమి, పదిహేనో గడియ. లంకవాళ్లకు ఇవ్వాల్సింది ఇచ్చేదాకా సింహాసనం ఎక్కనని ఆయన అన్నారట. అది కూడా ఈ రేకులోనే ఉంది. పొద్దున చేసిన పని చెల్లకపోతే, మధ్యాహ్నం ఆయన ఎక్కిన సింహాసనం చెల్లుతుందా? పది గడియలే తేడా ప్రభూ. ఎక్కడ గీత గీయమంటారో చెప్పండి, అక్కడ గీస్తాను."

రాజుగారు రాగిరేకు అందుకుని తాతగారి అక్షరాల మీద వేలు పెట్టి చదివారు. చివరిదాకా చదివి, మళ్లీ పైకి వచ్చారు. ఈ రేకును ఆయన ఇంతవరకూ ఎప్పుడూ చూడలేదు.

అప్పుడు రాజమాత గొంతు వినబడింది. "నాయనా, నిన్ను కన్న రోజున ఊళ్లో నూటొక్క చోట్ల బాణసంచా కాల్చారు. రాజుగారికి కొడుకు పుట్టాడని. గృహస్థుకు కొడుకు పుడితే అంత మందుగుండు ఎవరు తగలేస్తారు?"

రాజుగారి పెదవులు కదిలాయి. ముందు ముక్కులోంచి చిన్న శబ్దం వచ్చింది. తర్వాత భుజాలు ఊగాయి. తర్వాత ఆయన చాప మీద కూలబడి, పొట్ట పట్టుకుని, కళ్లలోంచి నీళ్లు కారేదాకా నవ్వారు. గంజిపెట్టిన తలపాగా ఊడి కింద పడింది.

"గోడ పాతదట, కంత కొత్తదట!" అన్నారు వెక్కుతూ. "పేడబళ్ల దారిలో నన్ను వంచి తీసుకొచ్చాడు వీడు! పడవలో కూర్చుంటే పరువు పోతుందనుకున్నానే, అందులో కనీసం వంగక్కర్లేదు!"

జనం కూడా నవ్వారు. ఈసారి భయం లేకుండా నవ్వారు.

రాజుగారు కళ్లు తుడుచుకుని లేచారు. "ఆజ్ఞ రద్దు. రాజ్యానికి నూరేళ్లే. పన్నెండు రోజుల్లో పున్నమి. ఆ రోజునే అసలు ఉత్సవం. పడవ ఎక్కుతాను. ఇవాళ నా పుట్టినరోజు, వచ్చినవాళ్లంతా భోంచేసి వెళ్లండి. విస్సప్రెగ్గడా!"

"ప్రభూ" అన్నాడు మంత్రి, జారిన కండువా సర్దుకుంటూ.

"మీ తోట మీకుంటుంది. లంక వాళ్లకుంటుంది. ఆ శాసనం మీరే సభకు చదివి వినిపించండి."

మంత్రి రేకు అందుకుని సణుగుతున్నట్టు చదవడం మొదలుపెట్టాడు.

"వినబడట్లేదు!" అని ఆవరణలోంచి మైలాంబ అరిచింది. "రాజ్యానికి ముందువాళ్లం, చెవులు మందం. గట్టిగా!"

మంత్రి మళ్లీ మొదటి నుంచి, గట్టిగా చదివాడు. లంక పడవవాళ్లదేనన్న చోటికి వచ్చేసరికి నూకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ ఏడుస్తోందో నవ్వుతోందో పక్కవాళ్లకు తెలియలేదు.

రాజుగారు మెడలోని ముత్యాల హారం తీసి కొమ్మన మెడలో వేశారు.

"భయపడకు. నాలుగేళ్ల కిందట చేయించిందే. ఎలా చూసినా చెల్లుతుంది" అన్నారు. ఆ మాటకు తానే మళ్లీ నవ్వుకున్నారు. "ఇక నుంచి ఏటా ఉత్సవం నీదే. ఇంకేం కావాలో కోరుకో."

కొమ్మన నోరు తెరిచేలోపే నూకమ్మ ముందుకొచ్చింది. పూట గడిచిపోయిందని ఆవిడ లెక్క.

"దొరా, వాడు మొహమాటపడతాడు, నేను చెబుతా. ఈ గొడవలో పడి లంకలో ఒక్క పుచ్చగింజ పెట్టలేదు. ఇసుకలో పదును ఇంకో అయిదు రోజులుంటుంది. ఆ తర్వాత పెట్టినా మొలవదు. పండగలూ హారాలూ మాకు తర్వాత."

"ఇంటికి యాభై గుంటలు" అన్నాడు కొమ్మన వెంటనే. "అరవై నాలుగు ఇళ్లకు మూడువేల రెండు వందలు. అయిదు రోజులంటే రోజుకు ఆరు వందల నలభై గుంటలు తవ్వాలి. లంకలో తవ్వగలిగిన చేతులకు రోజుకు నాలుగు వందల నలభై మించవు. ప్రభూ, మంత్రిగారి మనుషులు ఇరవైమంది ఉన్నారు కదా, లంకలో మేకులు పాతినవాళ్లు. మనిషికి రోజుకు పది గుంటలు. వాళ్లను అయిదు రోజులు ఇప్పించండి. నాకు అంతే చాలు."

"మేకులు పీకేసి గుంటలు తవ్వాలన్నమాట" అన్నారు రాజుగారు. ఆయన భుజాలు మళ్లీ ఊగడం మొదలయ్యాయి. "తీసుకో. పారలు కూడా మంత్రిగారే ఇస్తారు."

కొమ్మన హారాన్ని తీసి మొలలో దోపుకున్నాడు. పంచె పైకి ఎగగట్టాడు. ఇరవైమందినీ వరసగా నిలబెట్టి, పడవకు పదిమంది చొప్పున రెండు పడవలని చెప్పి, ముందున్న పడవ కట్టు విప్పడానికి రేవు వైపు పరుగెత్తాడు.